పెరట్లో కోళ్లు – 3వ పాఠం: మంచి పుంజును గుర్తుపట్టడం

పోయిన పాఠంలో పెట్టల మధ్య పెద్దరికం ఎలా తేలుతుందో చూశాం. ఒక్కోదాని కాలికి ఒక్కో రంగుదారం కట్టి, ఏది దేన్ని పొడుస్తోందో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గరుంచుకోండి, ఈ పాఠం చివర్లో దానితో పని ఉంది. ఈసారి పుంజు సంగతి చూద్దాం.

మన దగ్గర పుంజును ఎంచేటప్పుడు ముందు రంగు చూస్తారు. డేగా, కాకా, నెమలా, సేతువా అని. తర్వాత ఒడ్డూ పొడుగూ, కాలి ముల్లు, మనిషిని చూస్తే మీదకొచ్చే పొగరు. అవన్నీ కోడిపందేల బరి లెక్కలు. పెరటికి ఆ లెక్కలు పనికిరావు. మంచి మేత దొరికితే అది ఏం చేస్తోంది, పైన గద్ద నీడ కదిలితే ఏం చేస్తోంది అన్న రెండూ గమనిస్తే చాలు, దాన్ని ఉంచుకోవాలో వద్దో మీకే తెలిసిపోతుంది.

మేతతో మొదలుపెడదాం. పొద్దున గూడు తలుపు తీశాక తొందరపడకండి. కోళ్లు రెక్కలు విదుల్చుకుని, నీళ్లు తాగి, నేల గీకడం మొదలుపెట్టేదాకా ఒక మూల కూర్చోండి. అప్పుడు రోజూ వేసే నూకలు కాకుండా రుచైనది ఏదైనా, ఉడికించిన గుడ్డు ముక్కో, తొలకరిలో దీపం కింద రాలిన ఉసిళ్లో, సరిగ్గా పుంజు ముందు వేయండి. మంచి పుంజు దాన్ని వెంటనే మింగదు. ముక్కుతో తీస్తుంది, వదిలేస్తుంది, మళ్లీ తీస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. తల కిందకీ పైకీ ఆడుతూనే ఉంటుంది. గొంతులోంచి కుక్ కుక్ కుక్ అని సన్నగా, గబగబా పిలుపు వస్తుంది. పెట్టలు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాయి. ఒక్కోసారి దాని ముక్కులోంచే లాక్కుంటాయి, అయినా ఊరుకుంటుంది. పెట్ట మనసు గెలుచుకోవడానికి పుంజుకున్న మంచి దారి ఇదే. ఇలా పిలిచి పెట్టే పుంజు దగ్గరికే పెట్టలు ఇష్టంగా చేరతాయి.

ఇందులో ఒక కిటుకు కూడా ఉంది. పెట్ట దూరంగా ఉన్నప్పుడు కొన్ని పుంజులు ఎండుటాకు ముందో, గులకరాయి ముందో ఇదే పిలుపు పిలుస్తాయి. పెట్ట వస్తుంది, చూస్తుంది, ఏమీ ఉండదు. పదే పదే ఇలా చేస్తే పెట్టలు ఆ పిలుపును లెక్కచేయడం మానేస్తాయి. కాబట్టి పుంజు పిలిచినప్పుడు పెట్టలు ఎంత వేగంగా కదిలాయో చూడండి. దాని మీద వాటికున్న నమ్మకం ఆ పరుగులోనే కనిపిస్తుంది. ఒకమాట: ఏడాది నిండని పుంజు మీద తీర్పు చెప్పేయకండి. ఆ వయసులో పిలవడం సరిగా రాదు, వెంటపడి తరమడమే ఎక్కువ. చాలావాటికి తర్వాత నెమ్మది వస్తుంది.

ఇక ఆకాశం. విశాఖలో గద్దలకు కొదవ లేదు. చేపల రేవు మీద తిరిగేవి అక్కడే ఉండవు, ఊరి మీదుగా కొండల దాకా చక్కర్లు కొడతాయి. పుంజు మేత మధ్యలో ఆగి తల ఒక పక్కకు వాల్చి, ఒంటి కన్నుతో పైకి చూసిందంటే మీరూ పైకి చూడండి. ముప్పు పైనుంచి వస్తే దాని గొంతు సన్నగా, సాగదీసినట్టు ఒక్కసారి పలుకుతుంది. ఎక్కడినుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టమైన చప్పుడది. పెట్టలు కరివేపాకు చెట్టు కిందో, గట్టు పక్కనో నక్కి కదలకుండా ఉండిపోతాయి. అదే ముంగిసో, పిల్లో, వీధికుక్కో నేల మీద వస్తే కేక మారిపోతుంది. కొట్ కొట్ కొట్ కొటాక్ అని గట్టిగా, ఆగకుండా అరుస్తుంది. అప్పుడు పెట్టలు నక్కవు, మెడలు నిలబెట్టి చుట్టూ చూస్తాయి. కంబాలకొండ అడవి అంచున ఉన్నవాళ్లకు ఈ రెండో కేక ఎక్కువ వినిపిస్తుంది. సన్నటి కూత వింటే ఆకాశం చూడండి, గట్టి కేక వింటే కంచె చూడండి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన అసలు విద్య ఇదే, దీనికి చెవి అలవాటు పడేదాకా రోజూ కాసేపు కూర్చోవాలి.

విశాఖలోనే ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్నం వైపు ఇళ్లలో లేత పుంజులు నేవీ హెలికాప్టర్లకు కూడా కంగారుపడతాయి. కొన్నాళ్లకు అలవాటవుతుంది, తప్పుపట్టకండి. ఇంకోటి, పెట్టలు దగ్గర లేనప్పుడు ఒంటరి పుంజు గద్దను చూసినా చాలాసార్లు కూత వేయదు. అందుకే కొనేముందు దాన్ని గంప కింద కాదు, పెట్టల మధ్య చూడాలి.

రెక్కల భాష కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక్క రెక్కే నేలకు దించి, పెట్ట చుట్టూ అరచుట్టు తిరిగితే అది సరసం. ఏప్రిల్, మే ఉక్కలో నోరు తెరిచి రొప్పుతూ రెండు రెక్కలూ ఒంటికి ఎడంగా పెడితే అది వేడి. నీడా, చల్లటి నీళ్లూ చూడండి. రెండు రెక్కలూ వేలాడేసి, కళ్లు మూసి, మెడ లోపలికి ముడుచుకుని మూల నిలబడితే అది జబ్బు. కొక్కెర తెగులు (రాణిఖెట్) కావచ్చు. వెంటనే వేరుచేసి పశువుల డాక్టరుకు చూపించండి.

కూత గురించి రెండు మాటలు. తెల్లవారక ముందే ఎందుకు కూస్తోందని పక్కింటివాళ్లు అడుగుతారు. పుంజు ఒంట్లోనే గడియారం ఉందని జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపించారు. వెలుగు మారకుండా ఉంచినా వేళకు కూసింది. నాలుగైదు పుంజులుంటే వాటిలో పెద్దరికం ఉన్నది ముందు కూస్తుంది, మిగతావి వరసలో అందుకుంటాయి. చీకటి గూడుతో కూత పూర్తిగా ఆగుతుందని ఆశపెట్టుకోకండి. కాలనీలో ఇళ్లు ఆనుకుని ఉంటే, మూడు పెట్టలే ఉంటే, అసలు పుంజు వద్దంటాను. పుంజు లేకున్నా గుడ్లు వాటంతట అవే వస్తాయి. పిల్లలు కావాలంటేనే పుంజు. ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలుంటే అందరికీ సుఖం. అంతకంటే బాగా తగ్గితే ఇష్టమైన పెట్ట వీపున ఈకలు ఊడి చర్మం బయటపడుతుంది.

మనుషుల మీదకు ఎగిరే పుంజును తన్నకండి, పరుగెత్తకండి. పరుగెడితే గెలిచాననుకుంటుంది, తంతే పోరాటం అనుకుంటుంది. కదలకుండా నిలబడి, అది తగ్గాక మీ పని మీరు చేసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఇలాంటి పుంజును ఉంచొద్దు. అది పొడిచేది వాళ్ల కంటి ఎత్తులో.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. పెట్టలు పొడుచుకున్నప్పుడు పుంజు మధ్యలోకి వచ్చి నిలబడుతోందా, లేక పక్కకు పోతోందా? ఈ వారం రోజులూ ఒక్కో పొడుపు పక్కన అదీ రాయండి. దాని కింద, మేత పిలుపుకు ఎన్ని పెట్టలు వచ్చాయో, ఏది రాలేదో రాయండి. ఎప్పుడూ రాని పెట్ట ఒకటి తేలితే, అది మందలో అట్టడుగునున్నదా, పొదుగుకొచ్చిందా అన్నది చూడాలి. ఒంటి మీద ఈకలు ఉబ్బించి, గూట్లోంచి కదలనంటూ చేయి పెడితే గుర్రుమంటే పొదుగుకొచ్చినట్టే. వచ్చే పాఠం పొదగేయడం గురించి కాబట్టి, అలాంటి పెట్ట ఉంటే దాన్ని అక్కడినుంచి లేపకండి. దగ్గర్లో నీళ్లూ, గుప్పెడు చోళ్లూ (రాగులు) పెట్టి వదిలేయండి.