నేపాల్ క్లైమేట్ పాలసీని చదవడం ఎలా? ముందు సరస్సు, తర్వాత కాగితం

నేపాల్ క్లైమేట్ పాలసీ గురించి తెలుసుకుందామని చాలామంది నేరుగా ప్రభుత్వ పీడీఎఫ్ తెరుస్తారు, పది పేజీలయ్యేసరికి లక్ష్యం, వ్యూహం, కార్యాచరణ అన్న మాటలు తప్ప ఇంకేమీ గుర్తుండదు. అలా చేయకండి. ముందు మ్యాప్‌లో ఇమ్జా సరస్సు వెతకండి. ఎవరెస్ట్‌కి దక్షిణాన, సుమారు 5,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది.

శాటిలైట్ ఫోటోని బాగా జూమ్ చేసి చూడండి. 1950లలో అక్కడ మంచు మీద నాలుగైదు మడుగులే ఉండేవి, ఇప్పుడు రెండు కిలోమీటర్లు దాటిన సరస్సు. అన్ని నీళ్లనీ ఆపుతున్నది హిమానీనదం తోసుకొచ్చి వదిలేసిన రాళ్లూ మట్టీ, అంతే. 2016లో నేపాల్ సైన్యం అక్కడ కాలువ తవ్వి గేటు పెట్టి నీటిమట్టం తగ్గించింది. ఊపిరాడని ఆ ఎత్తులో అంత కష్టపడితే తగ్గింది 3 మీటర్ల పైచిలుకు.

తర్వాత సరిహద్దు చూడండి. కోశీ, గండకీ, కర్ణాలీ పరీవాహకాల్లో 47 సరస్సులకి గట్టు తెగే ప్రమాదం ఉందని 2020లో లెక్క తేల్చారు, అందులో 25 టిబెట్‌లో, 21 నేపాల్‌లో, ఒకటి భారత్‌లో. అంటే సగానికి పైగా కాఠ్మాండూ చేతిలో లేనివే. అలాగని జాబితాలో లేనివాటి గురించి నిశ్చింతగా ఉండకండి, 2024 ఆగస్టులో థామే ఊరిని ముంచిన నీళ్లు జాబితాకెక్కని చిన్న సరస్సుల్లోంచే వచ్చాయి.

ఇప్పుడు కాగితాలు తెరవండి. ఏ అంకె కనిపించినా ఒకటే అడగండి: ఇది సొంత డబ్బుతోనా, ఎవరో ఇస్తేనా? పారిస్ ఒప్పందం కింద నేపాల్ ఇచ్చిన 2020 హామీలో 2030కల్లా 15,000 మెగావాట్ల స్వచ్ఛ విద్యుత్ అని ఉంటుంది, కానీ అందులో షరతు లేనిది, అంటే ఎవరూ ఇవ్వకపోయినా చేస్తామన్నది, 5,000 మాత్రమే. వాతావరణ మార్పుని తట్టుకోవడానికి 2050 దాకా వేసిన అనుసరణ ప్రణాళికకి 4,740 కోట్ల డాలర్లు కావాలి, నేపాల్ పెట్టుకోగలనన్నది 150 కోట్లు. ప్రపంచ ఉద్గారాల్లో తన వాటా సుమారు 0.1 శాతమే ఉన్న దేశం మిగతాది అడిగితే దాన్ని దేబిరించడం అనలేం, నా దృష్టిలో అది బాకీ వసూలు.

2025కి పెట్టుకున్న ఎలక్ట్రిక్ కార్ల లక్ష్యం మాత్రం నిజంగానే దాటేశారు, పన్ను తక్కువ, కరెంటు సొంతం.

అసలు పరీక్ష 2019 పాలసీలో ఉంది: క్లైమేట్ నిధుల్లో 80 శాతం స్థానిక స్థాయికి చేరాలట. దేశంలో 753 స్థానిక ప్రభుత్వాలున్నాయి, ఒక్క పాలికాని ఎంచుకుని దాని బడ్జెట్‌లో 'జలవాయు పరివర్తన్' (వాతావరణ మార్పు) అన్న పద్దు వెతకండి. పక్కనే రోడ్ల పద్దు కూడా చూడండి, ఎందుకంటే డోజర్‌తో ఇష్టమొచ్చినట్టు కొండ తవ్వేసి, చరియ విరిగితే క్లైమేట్ ఖాతాలో రాసేయడం తేలిక.

చివరగా ఖర్చు ఏ నెలలో అయిందో చూడండి. అక్కడ ఆర్థిక సంవత్సరం జూలై మధ్యలో ముగుస్తుంది, మిగిలిన డబ్బంతా ఆఖరి నెల అసార్‌లో హడావుడిగా ఖర్చు పెట్టేస్తారు, దీనికి 'అసారే వికాస్' అని వెటకారపు పేరు కూడా ఉంది. వరదని ఆపాల్సిన గోడకి ఆ నెలలో బిల్లు పడిందంటే, దాన్ని నడి వానలో కట్టారేమో అడగండి.