అడితిలో కలప కొనే ముందు జాగ్రత్తలు

కోనసీమలో ద్వారబంధాలకు కలప కొనదలచినవారు, అడితికి వెళ్లే ముందే వడ్రంగి చేత ఏ భాగానికి ఏ కొలత కావాలో వ్రాయించుకోవాలి. అది మిల్లులో కోసిన కొలతా, చిత్రిక పట్టి నునుపు చేసిన తరువాతి కొలతా అన్నది కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే చిత్రికతో మందం తగ్గుతుంది.

దుంగ మధ్యనున్న ముదురు రంగు భాగం చేవ. దాని చుట్టూ ఉండే లేత రంగు భాగం తెల్లచెక్క. టేకులోనైనా తెల్లచెక్కను పురుగు సులభంగా తొలుస్తుంది కనుక, టేకు అన్న మాట ఒక్కటే విని డబ్బు చెల్లించరాదు. ముందే రంగు పూసి ఉంచిన చెక్కను అసలు ముట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

కాలువగట్ల ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. పచ్చి కలపతో తలుపు చేయిస్తే ఎండాకాలంలో అది కుంచించుకొని వంకర తిరుగుతుంది; ఆరిన చెక్కనైనా నేలకు ఆనించక, పలకల మధ్య సన్నని బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. కీలు బిగించే చోట చెక్కలోని ముడి (కొమ్మ మొలిచిన చోటి గట్టి కణుపు) రాకుండా చూసుకోవాలి.

ఘనపుటడుగుల లెక్కకు అంగుళాలలో వెడల్పును, మందాన్ని, అడుగులలో పొడవును గుణించి 144తో భాగించాలి. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం, 7 అడుగుల పొడవు గల కొయ్య సుమారు 0.73 ఘనపుటడుగులు అవుతుంది. చివర పగిలిన భాగాన్ని ఎలాగూ కోసివేయాలి కాబట్టి, దానిని కొలతలో కలపకుండా బేరమప్పుడే మాట్లాడుకోవాలి.