హాట్‌స్పాట్ పనిచేయడం లేదా? తెగింది ఎక్కడో ముందు చూడండి

ఫోన్‌లోని నెట్‌ని ల్యాప్‌టాప్‌కి పంచే హాట్‌స్పాట్ కుదరకపోతే చాలామంది ముందు ఫోన్ స్విచాఫ్ చేసి ఆన్ చేస్తారు. అప్పటికీ రాకపోతే నేరుగా నెట్‌వర్క్ రీసెట్ నొక్కేస్తారు. ఆ ఒక్క నొక్కుతో ఫోన్‌లో దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, చాలా ఫోన్లలో బ్లూటూత్ జతలూ పోతాయి, చాలాసార్లు అసలు సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. నా దగ్గరకు వచ్చే ఫోన్లలో రీసెట్ నిజంగా అవసరమైనవి చాలా తక్కువ.

హాట్‌స్పాట్‌లో ఉన్నవి రెండు లంకెలు. ఒకటి ఫోన్‌కీ మొబైల్ టవర్‌కీ మధ్య. రెండోది ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య. ఈ రెండింటిలో ఏది తెగిందో తేల్చుకోకుండా సెట్టింగ్‌లలో చెయ్యి పెట్టకండి. కింద చెప్పిన వరుస అందుకే. వరుస తప్పించి చేస్తే ఏ మార్పు వల్ల బాగుపడిందో, ఏ మార్పు వల్ల చెడిందో మీకే తెలియకుండా పోతుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి: ఫోన్ చార్జర్, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ (కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే పనికొస్తాయి), పరీక్షించడానికి ఇంకో ఫోన్. అంతే. "హాట్‌స్పాట్ బూస్టర్" అంటూ దొరికే యాప్‌లు వేయకండి. ఫోన్‌లో ఉన్న రేడియో బలాన్ని ఏ యాప్ పెంచలేదు.

1. ముందు ఫోన్‌లో నెట్ ఉందా?

ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఇంతకుముందు తెరవని సైట్ ఒకటి తెరవండి. రాకపోతే తెగింది మొదటి లంకె, ల్యాప్‌టాప్ జోలికి పోనక్కర్లేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి పది సెకన్లు ఆగి తీసేయండి. రెండు సిమ్‌లుంటే డేటా ఏ సిమ్ మీద ఉందో, రోజువారీ డేటా అయిపోయిందేమో చూడండి.

ఆండ్రాయిడ్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ అసలు పనిచేయదు. హాట్‌స్పాట్ బటన్ బూడిదరంగులో ఉండి నొక్కుడు పడటం లేదంటే ముందు చూడాల్సింది అదే. కాల్ వచ్చినప్పుడల్లా నెట్ ఆగిపోతుంటే ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడించే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది లేనప్పుడు ఫోన్ మాట కోసం పాత నెట్‌వర్క్‌కి దిగిపోతుంది, డేటా నిలిచిపోతుంది. రెండో సిమ్‌కి కాల్ వచ్చినా చాలా ఫోన్లలో ఇదే జరుగుతుంది.

2. ల్యాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే

పది సార్లలో ఎనిమిది సార్లు ఇది బ్యాండ్ సమస్య, అంటే వైఫై ఏ రేడియో తరంగాల మీద నడుస్తోందన్నది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ప్రసారం చేస్తుంటుంది, అవతలి పరికరానికి 2.4 మాత్రమే తెలుసు. పాత ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు, స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లు ఎక్కువగా ఈ కోవలోవే. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్ సెట్టింగ్‌లలో బ్యాండ్‌ని 2.4కి మార్చండి. కొన్ని ఫోన్లలో ఇదే "ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ" అనే పేరుతో ఉంటుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో "మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయండి.

హాట్‌స్పాట్ 2.4 మీదే ఉండాలి, ఎప్పుడూ. 5లో వేగం ఎక్కువన్న మాట నిజమే. కానీ అది గోడ దాటేసరికి నీరసపడుతుంది. మొబైల్ సిగ్నల్ నుంచి వచ్చే వేగమే తక్కువైనప్పుడు వైఫైకి ఎంత వేగముండి ఏం లాభం? వేగం నిజంగా కావాలంటే కేబుల్ పెట్టండి.

ఐఫోన్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. పర్సనల్ హాట్‌స్పాట్ స్క్రీన్ తెరిచి, అవతలి పరికరం కలిసేదాకా దాన్ని అలాగే ఉంచండి. ఆ స్క్రీన్ మూసి ఫోన్ జేబులో పెట్టుకుని "పేరు కనిపించడం లేదు" అంటే కనిపించదు మరి.

3. పేరు కనిపిస్తుంది, కలవదు

ల్యాప్‌టాప్‌లో పాత పాస్‌వర్డ్ దాగి ఉండటం ఇక్కడ మామూలు కారణం. మీరు ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చారు, ల్యాప్‌టాప్ పాతదాన్నే పంపుతోంది. "ఫర్గెట్" నొక్కి ఆ నెట్‌వర్క్‌ని తీసేసి, కొత్తగా కలపండి.

పాస్‌వర్డ్ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండాలి. కనీసం 8 లేకపోతే ఫోనే ఒప్పుకోదు. అందులో ప్రత్యేక గుర్తులు వద్దు, టీవీ రిమోట్‌తో కొట్టేటప్పుడు వాటితోనే తంటా. హాట్‌స్పాట్ పేరులో కూడా ఖాళీలు, గుర్తులు ఉండకూడదు. ఐఫోన్ తన పరికరం పేరునే హాట్‌స్పాట్ పేరుగా వాడుతుంది. ఆ పేరులో వంకర అపాస్ట్రఫీ ఉంటే కొన్ని పాత పరికరాలు తడబడతాయి. జనరల్, అబౌట్‌లోకి వెళ్లి పేరు మార్చేయండి.

అప్పటికీ కలవకపోతే ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్‌లలో భద్రత రకం చూడండి. డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వచ్చింది 2018లో. అంతకుముందు తయారైన పరికరాల్లో చాలావాటికి అది తెలియదు. దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2కి గానీ, రెండూ కలిపిన రకానికి గానీ మార్చండి. భద్రత పూర్తిగా తీసేసి ఓపెన్‌గా వదలడం మాత్రం వద్దు. పరీక్షకని తీసి, తర్వాత మరిచిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

కలిసే పరికరాల సంఖ్యకు పరిమితి ఉందేమో, మీ ల్యాప్‌టాప్ బ్లాక్ జాబితాలో పడిందేమో కూడా ఒక చూపు చూడండి.

4. కలిసింది, కానీ నెట్ రావడం లేదు

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

మొదట చూడాల్సింది ల్యాప్‌టాప్‌కి వచ్చిన ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు. వైఫై సెట్టింగ్‌లలో ఆ నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే ఫోన్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోయేసరికి ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది. అప్పుడు తప్పు రెండో లంకెలో ఉంది. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ని కొత్తగా కలపండి.

ఐఫోన్ నుంచైతే 172.20.10తో మొదలయ్యే అడ్రస్ రావాలి. ఆండ్రాయిడ్‌లో పాత ఫోన్లు 192.168.43తో మొదలయ్యేవి ఇచ్చేవి, కొత్తవి వేరేవి ఇస్తాయి. ఇవి రాకుండా ఎప్పుడో ఆఫీసులో చేత్తో నింపిన అడ్రస్ కనిపిస్తే దాన్ని "ఆటోమేటిక్"కి మార్చండి. అలాగే వదిలేసిన ప్రాక్సీ (నెట్‌ని మధ్యలో వేరే సర్వర్ మీదుగా పంపే సెట్టింగ్) ఉందేమో కూడా చూడండి.

అడ్రస్ సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్ కమాండ్ విండోలో, అవతలి సర్వర్ జవాబిస్తోందో లేదో చూసే పింగ్ (ping) కమాండ్ ఇచ్చి, పక్కన 8.8.8.8 కొట్టండి. జవాబులు వస్తూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ (సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే సేవ) సమస్య. ల్యాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌ని 8.8.8.8 లేదా 1.1.1.1 చేయండి. ఫోన్‌లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ వీపీఎన్ ఉంటే ఆపి చూడండి. సైట్లు తెరిచినప్పుడు సర్టిఫికెట్ తప్పని చెబుతుంటే ల్యాప్‌టాప్‌లో తేదీ, సమయం సరిచేయండి.

పింగ్‌కి జవాబే లేదు, వీపీఎన్ లేదు, ఫోన్‌లో నెట్ మాత్రం చక్కగా వస్తోంది. ఇంకో ఫోన్‌ని ఇదే హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. దానికి వస్తే లోపం ల్యాప్‌టాప్‌లో ఉంది. దానికీ రాకపోతే మిగిలింది ఏపీఎన్. ఇంతదాకా వచ్చాకే దాన్ని ముట్టుకోవాలి.

ఏపీఎన్ అంటే సిమ్ ఏ దారిలో ఇంటర్నెట్‌కి వెళ్లాలో చెప్పే చిరునామా. కొన్ని నెట్‌వర్క్‌లలో హాట్‌స్పాట్ వాడకానికి వేరే అనుమతి గుర్తు కావాలి. అది లేకపోతే ఫోన్‌కి నెట్ వస్తుంది, దాని వెనక ఉన్న ల్యాప్‌టాప్‌కి రాదు. ఆండ్రాయిడ్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లలో, మీ సిమ్ కింద "యాక్సెస్ పాయింట్ నేమ్స్" అని ఉంటుంది.

అక్కడున్న పాత ఏపీఎన్‌ని ఎప్పుడూ మార్చకండి, తీసేయకండి. ముందు దాన్ని తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత కొత్తది చేర్చి, పాతదాంట్లో ఉన్నవన్నీ అక్షరం పొల్లుపోకుండా దించండి. "ఏపీఎన్ టైప్" గడిలో ఉన్న మాటల చివర కామా పెట్టి డి, యు, ఎన్ (dun) అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు చేర్చండి. చిన్న అక్షరాలే, కామా తర్వాత ఖాళీ ఉండకూడదు. ఆ ఒక్క ఖాళీ వల్ల గంట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. రాశాక మూడు చుక్కల మెనూలో "సేవ్" నొక్కండి. వెనక్కి వచ్చేస్తే సేవ్ అయిందనుకోకండి, చాలా ఫోన్లలో అవ్వదు. జాబితాలో కొత్త ఏపీఎన్‌ని ఎంచుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి పెట్టి తీయండి.

దీంతో ఫోన్‌లో నెట్ కూడా పోతే కంగారు పడకండి. పాతదాన్ని మళ్లీ ఎంచుకోండి, అది చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. కొత్తది చేర్చమన్నది ఇందుకే. ఎంఎంఎస్ కోసమని వేరే ఏపీఎన్ ఉంటే దాన్ని ముట్టుకోకండి.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోతే దారి వేరు. కొత్తగా చేసిన దాంట్లోనే "ఏపీఎన్ ప్రోటోకాల్"ని "ఐపీవీ4/ఐపీవీ6"గా పెట్టి చూడండి. టైప్‌నీ ప్రోటోకాల్‌నీ ఒకేసారి మార్చకూడదు. ఒకటి మార్చాలి, పరీక్షించాలి, అప్పుడు రెండోది.

ఐఫోన్‌లో ఈ గడులు మొబైల్ డేటా నెట్‌వర్క్ అనే చోట ఉంటాయి, పర్సనల్ హాట్‌స్పాట్‌కి వేరే భాగమే ఉంటుంది. అన్ని ఆపరేటర్లూ దాన్ని చూపించరు. అది కనిపించకపోయినా, మీ ప్లాన్‌లోనే హాట్‌స్పాట్‌కి అనుమతి లేకపోయినా ఆపరేటర్‌కి ఫోన్ చేయడం తప్ప దారి లేదు. దొడ్డిదారి చిట్కాలు వెతుకుతూ రాత్రంతా కూర్చోకండి.

5. కలుస్తుంది, కానీ మాటిమాటికీ తెగిపోతుంది

ఆండ్రాయిడ్‌లో ఏ పరికరమూ కలిసి లేకపోతే కాసేపటికి హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది, తీసేయండి. ఫోన్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది, ఒక్కోసారి హాట్‌స్పాట్‌నే ఆపేస్తుంది. కవర్ తీసి, నీడలో, గట్టి బల్ల మీద పెట్టండి. దిండు మీద వద్దు. ల్యాప్‌టాప్‌కి తగిలించిన యూఎస్‌బీ 3 డిస్క్ పక్కన ఫోన్ పెట్టకండి. వాటి నుంచి వెలువడే రేడియో రొద 2.4 బ్యాండ్‌లోనే పడుతుంది. పనిచేస్తున్న మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే గొడవ.

నెట్ నెమ్మదించిందనిపిస్తే విండోస్‌లో ఈ హాట్‌స్పాట్‌ని "మీటర్డ్ కనెక్షన్"గా గుర్తించండి. వెనకాల నడిచే పెద్ద అప్‌డేట్ల డౌన్‌లోడ్‌లు చాలావరకు ఆగుతాయి.

ముఖ్యమైన పని మీద కూర్చుంటే నేను వైఫై హాట్‌స్పాట్ వాడను, వాడమని చెప్పను. కేబుల్ తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తాను. పాస్‌వర్డ్ లేదు, బ్యాండ్ లేదు, ఫోన్ చార్జ్ అవుతుంటుంది, వైఫై రొద తగలదు. పైగా వైఫై మీద రాని నెట్ కేబుల్ మీద వచ్చిందంటే ఏపీఎన్ బాగానే ఉందని, తప్పు వైఫై వైపే ఉందని ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా రాకపోతే అప్పుడు నెట్‌వర్క్ రీసెట్. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ కింద రీసెట్ ఆప్షన్స్‌లో, ఐఫోన్‌లో జనరల్ కింద ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్‌లో ఉంటుంది. నొక్కేముందు వైఫై పాస్‌వర్డ్‌లు, మీరు చేర్చిన ఏపీఎన్ వివరాలు, వీపీఎన్ సెట్టింగ్‌లు కాగితం మీద రాసుకోండి. పాత ఏపీఎన్ స్క్రీన్‌షాట్ ఇంతకుముందే తీశారు కాబట్టి దాన్ని వెతికి పెట్టుకుని, ఏపీఎన్‌లో మీరు చేసిన మార్పు మాత్రం రాసుకుంటే చాలు.