రోడ్ బైక్‌కి తక్కువ ఖర్చులో కొత్త చక్రాలు ఎంచుకోవడం ఎలా?

వానలు తగ్గాక హైదరాబాద్‌లో ఏ సైకిల్ షాపుకి వెళ్లినా, వెనక చక్రం చేత్తో పట్టుకొని నిలబడ్డవాళ్లు ఒకరిద్దరు కనిపిస్తారు. నీళ్లు నిండిన గుంత లోతు తెలియదు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్ చీకట్లో కనబడదు. టైరు సన్నం కాబట్టి దెబ్బంతా రిమ్ముకే తగులుతుంది. ఆన్‌లైన్‌లో "700సి వీల్‌సెట్" (రోడ్ బైక్ సైజు చక్రాల జత) అని వెతికితే బోలెడు రకాలు వస్తాయి. వాటిలో ఏది చవకో తేల్చడానికి నాది ఒకటే లెక్క: స్పోక్ తెగిన రోజున ఆ స్పోక్ మన ఊళ్లో దొరకాలి, మామూలు మెకానిక్ దాన్ని బిగించగలగాలి. అలా కానిది ఎంత డిస్కౌంట్‌లో కొన్నా ఖరీదైనదే.

1. అసలు చక్రం మార్చాలా?

చాలాసార్లు అక్కర్లేదు. చక్రం వంకరపోయి బ్రేకుకి తగులుతుంటే బెండు తీయించండి, వందల్లో తేలిపోయే పని. ఒక స్పోక్ తెగితే ఒకటే మార్పించండి. కానీ కొద్ది రోజుల తేడాతో రెండోది, మూడోది తెగుతుంటే మిగతావీ అదే దారిలో ఉన్నాయని అర్థం. స్పోకులు ఎక్కువగా తెగేది వెనక చక్రంలో, గేర్ల వైపు, హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో. టెన్షన్ (బిగుతు) తక్కువగా ఉన్న స్పోక్ చక్రం తిరిగిన ప్రతిసారీ వదులవుతూ, మళ్లీ బిగుస్తూ ఉంటుంది. చివరికి లోహం అలిసిపోయి తెగుతుంది. హబ్, రిమ్ బాగుంటే అన్ని స్పోకులూ కొత్తవి వేసి చక్రం మళ్లీ అల్లించుకోవచ్చు.

రిమ్ బ్రేక్ సైకిలైతే బ్రేకు రబ్బరు ఒరుసుకునే పట్టీని చూడండి. చాలా రిమ్ముల మీద అరుగుదల తెలిపే చిన్న గుంటో గీతో ఉంటుంది. అది మాయమైతే, లేదా స్కేలు ఆనిస్తే మధ్యలో లోపలికి పల్లంగా కనిపిస్తే, ఆ రిమ్ పని అయిపోయింది. పలచబడిన గోడ టైరులోని గాలి ఒత్తిడికే చీలిపోవచ్చు. స్పోక్ రంధ్రాల చుట్టూ పగుళ్లు కనిపించినా అంతే, బేరం లేదు.

ఇంకో మాట. షాపువాళ్లు జత చూపిస్తారు, మీకు కావాల్సింది వెనకది ఒక్కటే కావచ్చు. మన బరువులో ఎక్కువ భాగం మోసేది, తొక్కుడు బలమంతా భరించేది అదే. ముందు చక్రం బాగుంటే దాని జోలికి పోకండి. రెండు రిమ్ములూ ఒకే రకంగా లేవని సైకిలేమీ బాధపడదు.

2. కొలతలు రాసుకోండి

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి తొందరపడొద్దు. ఫోన్‌లో ఫొటోలు తీసుకొని మరీ షాపుకి వెళ్లండి.

టైరు పక్కన 25-622 లేదా 28-622 లాంటి అంకె ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సి అంటే ఈ 622. "28 అంగుళాలు" అన్న మాటని మాత్రం నమ్మొద్దు. మన తాతలు తొక్కిన నల్ల సైకిళ్ల 28 × 1½ చక్రం వ్యాసం 635. చూడ్డానికి ఒకేలా ఉన్నా దాని టైరు దీనికి ఎక్కదు.

తర్వాత ఇరుసు. రిమ్ బ్రేక్ రోడ్ బైకుల్లో సాధారణంగా క్విక్ రిలీజ్ (లివరు తిప్పి చక్రం ఊడదీసే రకం) ఉంటుంది: ఇరుసు కూర్చునే కొసల మధ్య దూరం ముందు 100 మి.మీ., వెనక 130. డిస్క్ బ్రేకుల్లో పాత మోడళ్లకి వెనక 135 క్విక్ రిలీజ్, కొత్తవాటికి 12 మి.మీ. త్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి మరతో బిగించే ఇరుసు), ముందు 100, వెనక 142. డిస్క్ అయితే రోటర్ (బ్రేకు పళ్లెం) ఆరు బోల్టులదా, మధ్యలో ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాకా అన్నది కూడా చూసుకోండి.

ఇక గేర్లు. ఏడు స్పీడ్ల (వెనక ఏడు గేర్ల) చవక సైకిళ్లలో చాలావాటికి హబ్ మీద మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. మిగతావాటికి హబ్ మీదకి జార్చి బిగించే గేర్ల గుత్తి, అంటే క్యాసెట్. తేడా తెలుసుకోవడానికి చక్రం తీసి గేర్లని వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ దూర్చే గాడులు గేర్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. క్యాసెట్ అయితే షిమానో (గేర్లు తయారుచేసే కంపెనీ) 11 స్పీడ్ హబ్ ఉన్న చక్రమే కొనండి, మీ సైకిల్ ఎనిమిది స్పీడ్లదైనా సరే. 1.85 మి.మీ. స్పేసర్ (సన్నటి రింగు) వేస్తే 8, 9 స్పీడ్ క్యాసెట్లు దాని మీద కూర్చుంటాయి; షిమానో 10 స్పీడ్ వాటిలో చాలావాటికి ఇంకో 1 మి.మీ. స్పేసర్ కూడా కావాలి. షిమానో 12 స్పీడ్ రోడ్ క్యాసెట్లు కూడా పడతాయి. పాత 10 స్పీడ్ హబ్ మీద మాత్రం మామూలు 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ పట్టదు. శ్రామ్ అనే ఇంకో కంపెనీ 12 స్పీడ్ గ్రూప్‌సెట్లలో (గేర్లు, బ్రేకుల సెట్లు) ఎక్కువగా ఎక్స్‌డీఆర్ అనే వేరే రకం హబ్ ఉంటుంది. అలాంటి సైకిలైతే అడిగి కొనండి.

3. బలం చూడండి, బరువు తర్వాత

మన రోడ్లకి నా ఓటు 32 స్పోకుల వెనక చక్రానికే. ముందు 28 చాలు. మీరు 60 కిలోల లోపు ఉండి, ఎక్కువగా నున్నటి రోడ్డు మీదే తొక్కితే తక్కువైనా ఫర్వాలేదు. స్పోకులు గుండ్రటి స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, హబ్ దగ్గర వంపు ఉన్నవి తీసుకోండి. నిపుల్స్ (స్పోక్‌ని రిమ్ దగ్గర బిగించే చిన్న నట్లు) ఇత్తడివి ఉండాలి, అల్యూమినియంవి వాననీటికి బిగుసుకుపోతాయి. బల్లపరుపు స్పోకులు, వంపు లేకుండా నేరుగా హబ్‌లోకి దూరేవి అందంగానే ఉంటాయి. అవి తెగితే కొరియర్ కోసం ఎదురుచూడాలి.

రిమ్ రెండు గోడలది (డబుల్ వాల్), లోపలి వెడల్పు 17 నుంచి 19 మి.మీ. ఉంటే 25, 28 మి.మీ. టైర్లకి హాయిగా సరిపోతుంది. ఫ్రేములో చోటుంటే 28కి మారండి. హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లేని) రిమ్ అంటే దూరంగా జరగండి. దానికి గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్‌ఐ దాటకూడదు, ప్రతి టైరూ పనికిరాదు. బేరింగులు గోళీలవైనా, సీల్డ్ కార్ట్రిడ్జ్‌వైనా సరే. గోళీలవాటిని ఏటా వానాకాలం తర్వాత విప్పి గ్రీజు పెట్టించాలి.

రెడీమేడ్ సెట్లలో షిమానో ఆర్‌ఎస్100 రిమ్ బ్రేక్, క్విక్ రిలీజ్ సైకిళ్లకి. ఆర్‌ఎస్171 డిస్క్, త్రూ యాక్సిల్ ఉన్నవాటికి. రెండూ బరువైనవే, తేలికవాటి కోసం కంగారు పడనక్కర్లేదు. చక్రాల్లో 300 గ్రాములు తగ్గించడానికి పెట్టే డబ్బులో కొంత మంచి టైర్లకి పెడితే తేడా ముందు అక్కడే తెలుస్తుంది. రిమ్ బ్రేక్ సైకిల్‌కి పేరు తెలియని చవక కార్బన్ రిమ్ములు అసలే వద్దు. అనంతగిరి ఘాటు దిగుతూ బ్రేకు పట్టుకొనే ఉంటే పుట్టే వేడికి వాటి గోడలు ఉబ్బిపోవచ్చు.

4. ఎక్కడ, ఎలా కొనాలి

సైకిల్ కొన్న ధరలో నాలుగో వంతు దాటుతోందంటే ఒకసారి ఆగండి. పాతవాటికీ మంచి మార్కెట్ ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వారాంతాల్లో తొక్కేవాళ్లు కొందరు కార్బన్‌కి మారి, సైకిల్‌తో వచ్చిన అసలు చక్రాలని అటక మీద పడేస్తారు. అవి దాదాపు కొత్తవే, సగం ధరకి వస్తాయి. అడిగి చూడండి, వాళ్లింట్లో వాళ్లు కూడా సంతోషిస్తారు. కొనేముందు తిప్పి వంకర చూడండి, ఇరుసు పట్టుకొని అటూఇటూ ఊపండి, స్పోకుల్ని రెండేసి చొప్పున నొక్కి ఏదైనా వదులుగా ఉందేమో చూడండి.

కొత్తవైతే ఇద్దరు ముగ్గురి దగ్గర ధర కనుక్కోండి. బిల్లు అడగండి: సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. విదేశీ సైట్లలో కనిపించే ధరకి కస్టమ్స్ సుంకం, రవాణా కలుపుకొని చూడండి. డబ్బు ఇచ్చేముందు ఒక ప్రశ్న వేయండి: "అన్నా, దీని స్పోక్ తెగితే నీ దగ్గర దొరుకుతుందా?" జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే ఇంకో షాపు చూసుకోండి.

5. బిగించాక

రిమ్ లోపల స్పోక్ రంధ్రాలని కప్పే టేపు సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే లోపలి నుంచి పంచర్లు మొదలవుతాయి. రిమ్ వెడల్పు మారితే బ్రేకులు మళ్లీ సర్దుకోవాలి. గేర్లు కూడా ఒకసారి ట్యూన్ చేయించండి. పరీక్షించడానికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మంచి చోటు: కార్ల భయం లేకుండా చప్పుళ్లు వినొచ్చు. మొదటి వంద, రెండొందల కిలోమీటర్లలో స్పోకులు సర్దుకుంటాయి కాబట్టి ఆ తర్వాత మరోసారి బెండు తీయించాలి. ఆ రోజే రెండేసి అదనపు స్పోకులు కొనిపెట్టుకోండి. వెనక చక్రానికి గేర్ల వైపు పొడవు ఒకటి, అవతలి వైపు ఇంకొకటి. ఏది ఏ వైపుదో కాగితం చుట్టి రాసి ఉంచండి.