ఇత్తడి రేకులో వైజీ ఇంజను: కిట్ గీయడం, మొదటి షీటు కట్టి చూడడం

రాయలసీమలో మీటర్ గేజ్ అంటే గుర్తొచ్చేవి గుంతకల్లు–నంద్యాల, ధర్మవరం–పాకాల లైన్లు. ఇవాళ రెండూ బ్రాడ్ గేజే. ఆ కాలపు బండిని మోడల్‌గా కట్టాలనుకునేవాళ్లకు వైజీ అనే ఆవిరి గూడ్సు ఇంజను మంచి ఎంపిక. దాని ముక్కలను గీసి, రేకులో ఆమ్లంతో కోయించి (దీన్నే ఎచింగ్ అంటారు), వచ్చిన షీటులోని ముక్కలను టంకంతో అతికి కట్టడమే ఇక్కడి పని. ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనుక రెండు చక్రాలు. నడిపే చక్రం వ్యాసం 1219 మి.మీ. 1:87 స్కేలులో అది సరిగ్గా 14 మి.మీ. అవుతుంది. మీటరు వెడల్పు పట్టాలు 11.5 మి.మీ. అవుతాయి కాబట్టి బజారులో దొరికే 12 మి.మీ. ట్రాక్ సరిపోతుంది.

డ్రాయింగ్ మొదలుపెట్టే ముందు చక్రాలు, మోటారు, గేర్‌బాక్స్ కొని బల్ల మీద పెట్టుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అందంగా బాడీ గీసుకుని, తర్వాత మోటారు పట్టక ఫైర్‌బాక్స్ లోపల గోడలు కోస్తారు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం, యాక్సిల్ మందం, క్రాంక్ త్రో (చక్రం నడిమి నుంచి రాడ్ తగిలే పిన్ను దాకా దూరం) మూడూ వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. ప్యాకెట్ మీద ఉన్న అంకెను నమ్మొద్దు.

గేర్ లెక్క చిన్నదే. గంటకు 50 కి.మీ. వేగం 1:87లో సెకనుకు దాదాపు 160 మి.మీ. 14 మి.మీ. చక్రం చుట్టుకొలత 44 మి.మీ. అంటే చక్రం నిమిషానికి 218 సార్లు తిరగాలి. బరువు లాగుతూ 10,000 సార్లు తిరిగే మోటారైతే 1:46 దగ్గర గేర్ కావాలి. 1:40 నుంచి 1:50 వరకు ఏది దొరికినా పనికొస్తుంది. 1:20 పెడితే మాత్రం గూడ్సు ఇంజను ఎక్స్‌ప్రెస్‌లా దూకుతుంది.

రేకు, గీత

రెండు మందాలు చాలు. బాడీకీ బాయిలర్‌కూ 0.3 మి.మీ. ఇత్తడి. ఫ్రేములకూ రాడ్లకూ 0.45 మి.మీ. నికెల్ సిల్వర్, అంటే మన పాత్రల అంగట్లో జర్మన్ సిల్వర్ అనే లోహమే. రాడ్లు ఉక్కు రంగులో కనబడతాయి. పైగా ఈ లోహం ఇత్తడి కంటే వేడిని నెమ్మదిగా పాకిస్తుంది కాబట్టి పక్క అతుకు ఊడిపోయే బెడద తక్కువ.

ఎచింగ్‌లో ఆమ్లం రేకును రెండు వైపుల నుంచీ తింటుంది. రెండు వైపులా తెరిచిన చోట రంధ్రం పడుతుంది, ఒక వైపే తెరిస్తే దాదాపు సగం లోతు గాడి మిగులుతుంది. డ్రాయింగ్‌లో ఏ రంగు దేనికన్నది ఎచింగ్ చేసేవాళ్లను అడిగి తెలుసుకోండి, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఆమ్లం కిందికే కాదు, పక్కకూ తింటుంది. అందుకే గీసినదాని కంటే ముక్క సన్నబడుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. రేకు మందం కంటే సన్నటి చీలిక తెగదు, అంతకంటే సన్నటి పట్టీ మిగలదు.

ఎంత తింటుందో ఊహించకండి. షీటు మూలలో ఒక పరీక్ష ముక్క గీయండి: 0.35, 0.40, 0.45, 0.50, 0.55 మి.మీ. చీలికలు వరుసగా, 0.4 నుంచి 1.0 మి.మీ. దాకా రంధ్రాలు, ఒక మడత గాడి. షీటు చేతికొచ్చాక మొదట కొలవాల్సింది దీన్నే. ట్యాబ్ (పక్క ముక్క చీలికలోకి దూరే నాలుక) ఏ చీలికలో బిగుతుగా దిగిందో ఆ అంకెనే రెండో డ్రాయింగ్ అంతటా వాడాలి.

మడత గాడి లోపలి వైపు రావాలి. వెడల్పు రేకు మందమంత గీస్తే 90 డిగ్రీలకు మడిచినప్పుడు గాడి గోడలు ఒకదానికొకటి ఆనుతాయి. ఇంకా సన్నగా గీస్తే మడత పూర్తికాక ముందే గోడలు తగిలి, బయట పొర చిట్లుతుంది. మరీ వెడల్పైతే మూల గుండ్రంగా అయిపోతుంది. ఒకసారి మడిచింది మళ్లీ తెరవకండి, రెండోసారి విరుగుతుంది.

రివెట్లకు వెనుక వైపు 0.4 మి.మీ. చుక్కలు సగం లోతు పెట్టి, కట్టేటప్పుడు సూదిమొనతో పొడిస్తే ముందు వైపు ఉబ్బుతాయి. అన్నిటికంటే మోసం చేసేది ఒక వైపే విశాలంగా సగం లోతు తినిపించడం. సాగగొట్టిన రేకులో దాగిన బిగువు ఆ వైపు వదులై రేకు చాపలా చుట్టుకుంటుంది. ఫుట్‌ప్లేట్ (బాయిలర్ పక్కన నడిచే పలక) లాంటి పొడవు ముక్కల్లో వెనుక పూర్తి మందం పక్కటెముకలు వదలండి.

బాయిలర్ రేకు పొడవు లెక్కకు బయటి వ్యాసం తీసుకోకూడదు. వ్యాసంలోంచి రేకు మందం తీసేసి π (పై) విలువతో గుణించాలి. బయట 20 మి.మీ. కావాలంటే 19.7 × 3.1416 = 61.9 మి.మీ. 20తోనే గుణిస్తే దాదాపు ఒక మి.మీ. మిగిలిపోయి అతుకు ఎక్కిపోతుంది. బాయిలర్ పట్టీలను రేకులోనే సగం లోతుతో తేల్చొద్దు. రేకు చుట్టేటప్పుడు పలుచనైన చోటే ముందు వంగి, గొట్టానికి బదులు పలకలు తేరుతుంది. పట్టీలు వేరే ముక్కలుగా గీయండి. రేకు రెండు చివర్లా మధ్యగీత గుర్తు తప్పక ఉండాలి, లేకుంటే డోము (బాయిలర్ మీది గుమ్మటం) పక్కకు వాలుతుంది.

ఫ్రేములూ రాడ్లూ

కప్లింగ్ రాడ్ (నడిపే చక్రాలను కలిపే కడ్డీ) రంధ్రాల దూరం, ఫ్రేములో యాక్సిల్ రంధ్రాల దూరం ఒకటే కావాలి. ఈ రెండూ ఒకే షీటు మీద, ఒకే దిశలో, ఒకే గీతల నుంచి కాపీ చేసి పెట్టండి. డ్రాయింగ్‌ను రేకు మీదికి దించే ఫిల్ము కాస్త సాగినా రెండూ కలిసే సాగుతాయి. యాక్సిల్ రంధ్రాలు 0.2 మి.మీ. చిన్నగా గీసి, కట్టేటప్పుడు బ్రోచ్‌తో (రంధ్రం వెడల్పు చేసే సన్నటి పనిముట్టు) తెరవాలి. ఎనిమిది చక్రాలకు రాడ్లు ఒకే ముక్కగా వద్దు, క్రాంక్ పిన్ల దగ్గర కీలు పెట్టండి. ఒక్కో రాడ్ రెండు పొరలు అతికిస్తే 0.9 మి.మీ. మందం వస్తుంది.

ఫ్రేముల బయటి వెడల్పు చక్రాల లోపలి దూరం కంటే ఒక మి.మీ. తక్కువ ఉంచండి. నడుమ యాక్సిళ్లకు అటూ ఇటూ ఆట లేకపోతే వంపులో ఇంజను పట్టా దిగుతుంది. స్లైడ్ బార్ (పిస్టన్ కడ్డీ కొసనున్న క్రాస్‌హెడ్ జారే పట్టీ) పొడవు క్రాంక్ త్రోకు రెండింతలు, దానికి తోడు క్రాస్‌హెడ్ పొడవు, రెండు చివర్లా అర మి.మీ. చొప్పున. క్రాస్‌హెడ్ వెనుక మొదటి క్రాంక్ పిన్ తగలడం ఇలాంటి ఇంజన్లలో పాత జబ్బు. డ్రాయింగ్‌లోనే 0.3 మి.మీ. ఖాళీ చూపించండి.

ఎచింగ్‌కు పంపే ముందు మొత్తం డ్రాయింగ్‌ను అసలు సైజులో అచ్చు వేసి, సన్నటి అట్ట మీద అంటించి, కోసి కట్టండి. ట్యాబ్ తప్పుడు వైపు ఉండడం, ఎడమ ముక్క రెండుసార్లు వచ్చి కుడిది లేకపోవడం లాంటివి అట్టలోనే దొరికిపోతాయి. ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో చిన్న ముక్కలు చేయొచ్చు గాని, రెండు వైపుల ఫిల్ము కచ్చితంగా కలవడం కష్టం. వాడిన ద్రావణంలో రాగి ఉంటుంది, కాలువలో పొయ్యకూడదు. అనంతపురం, కర్నూలు వాళ్లు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఎచింగ్ చేసేవాళ్లకు ఇవ్వడమే మేలు.

కట్టి చూడడం

పరికరాలకు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధి చాలు. సన్న ఆకురాళ్లు, శ్రావణాలు, రంపపు తీగలు, రేకు చుట్టే రోలరు అన్నీ కంసాలి పనివే. వాటికి తోడు 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 టంకం తీగ (60 పాళ్లు తగరం, 40 సీసం), టంకం పట్టడానికి పూసే ఫాస్ఫారిక్ ఆమ్లం ఫ్లక్స్. 25 వాట్లది వైర్ల పనికే. ఇత్తడి ఆ వేడినంతా లాగేసుకుని టంకం ముద్దలా నిలిచిపోతుంది.

ముందు ఛాసిస్. రెండు ఫ్రేముల మధ్య స్పేసర్లను చుక్క టంకంతో మాత్రమే నిలబెట్టి, అద్దం పలక మీద ఊగుతోందేమో చూడండి. బేరింగ్‌లు అతికించేటప్పుడు దూరం కొలతతో కాదు, రాడ్లతోనే పట్టాలి: యాక్సిళ్ల చోట పెట్టిన కడ్డీల సన్నటి కొసలను రాడ్ రంధ్రాల్లో దూర్చి, అప్పుడు టంకం. తర్వాతే స్పేసర్ల అతుకులు నిండుగా పట్టించండి, నడుమ నుంచి చివరలకు.

చక్రాలు ఎక్కించి వాలు పలక మీద వదలండి, తనంతట తాను దొర్లాలి. ఆ తర్వాత ఒక వైపు రాడ్లు. రాడ్ అడ్డంగా ముందు కొసకో వెనుక కొసకో వచ్చినప్పుడు పట్టేస్తే, రాడ్ దూరానికీ యాక్సిల్ దూరానికీ తేడా ఉన్నట్టు. ఒక్కో వైపు విడిగా బాగా తిరిగి, రెండు వైపులా పెట్టగానే ఏటవాలు స్థానాల్లో బిగుసుకుంటే ఎడమ, కుడి చక్రాల క్రాంకుల మధ్య ఉండాల్సిన 90 డిగ్రీల కోణం కలవలేదన్నమాట. మొదటిది డ్రాయింగ్ తప్పో బేరింగ్ తప్పో కావచ్చు. రెండోది కట్టినవాడి తప్పే. మోటారు బలంతో తిప్పేసి సర్దుకుంటుందిలే అనుకోవద్దు. రాడ్ రంధ్రం తెరవాల్సి వస్తే 0.05 మి.మీ. చొప్పున మాత్రమే.

బాడీలో బాయిలర్ రేకును చుట్టే ముందు మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాచి మెత్తపరచాలి. 0.3 మి.మీ. రేకు చిటికెలో కరుగుతుంది, చూపు తిప్పొద్దు. పోత ముక్కలు వైట్ మెటల్‌వైతే (తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహం) 70 డిగ్రీలకే కరిగే టంకమే వాడాలి. 60/40 తాకితే ముక్కే కరిగిపోతుంది.

రోజు పని అయ్యాక ఫ్లక్స్ కడగాలి. కడగకుంటే తెల్లారేసరికి ఆకుపచ్చ చిలుము పడుతుంది. అనంతపురం బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్లటి మరకలు మిగిలి రంగు పట్టదు. చివరి కడుగు బ్యాటరీ అంగట్లో దొరికే డిస్టిల్డ్ నీళ్లతో చేయండి.

ఈ మొదటి ఇంజను షోకేసు కోసం కాదు. ఎక్కడ ఆకురాయి పట్టాల్సి వచ్చినా, పట్టే ముందు ఆగి ముక్క నంబరు, ఎంత మి.మీ., ఏ వైపు అన్నవి రాసుకోండి. చేయి తిరిగినవాళ్లు అలవాటుగా రెండు రాపిడులు రాకి ముందుకుపోతారు, తప్పు షీటులోనే మిగిలిపోతుంది. అద్దం చట్రంలా గట్టిగా సరిపోయిన ముక్కల గురించి కూడా రాసుకోండి, దిద్దుబాట్ల హడావుడిలో వాటిని కదిలించకుండా.

దిద్దిన డ్రాయింగ్‌తో ఒక్క షీటే తెప్పించండి. చిన్న ముక్కలు, మెట్లు, లాంప్ బ్రాకెట్లు, హ్యాండ్‌రెయిల్ గుబ్బల్లాంటివి, కావాల్సిన వాటికంటే రెండేసి ఎక్కువ పెట్టండి. ముక్కల చుట్టూ మిగిలే రేకు చట్రం మీద ప్రతి ముక్క పక్కన నంబరు సగం లోతుతో చెక్కించండి. ఈ రెండో షీటును గీసినవాళ్లు కట్టకూడదు. సూచనల కాగితంతో పాటు ఇంకొకరికి ఇచ్చి, పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడండి. ఆయన ముక్కను తిప్పి తిప్పి చూసిన ప్రతిచోటా కాగితంలో ఒక బొమ్మ తక్కువైందని గుర్తు పెట్టుకోండి.