మూడో వరుసలో కూర్చోలేకపోతున్నారా? ముందు నేల ఎత్తు చూడండి

ఏడు సీట్ల ఎస్‌యూవీలో ఇరుకు గురించి ఏ ఫిర్యాదు ఉన్నా మొదట చేయాల్సింది ఒక్కటే. డ్రైవర్ సీటును బండి నడిపే మనిషికి సరిపడా పెట్టండి. రెండో వరుసలో ఇంట్లో అందరికంటే పొడుగైన వాళ్ళను కూర్చోబెట్టండి. ఆ తర్వాతే మూడో వరుసలోకి ఎక్కండి. షోరూమ్‌లో ముందు సీట్లు బాగా ముందుకు జరిపి ఉన్నప్పుడు వెనక కూర్చుని "చోటు బోలెడుంది" అనుకుంటే, మొదటి తిరుమల ప్రయాణంలోనే అసలు సంగతి బయటపడుతుంది. రెండు నిమిషాల పని. ఎంత చెప్పినా చాలామంది దీన్ని వదిలేసి నేరుగా కుషన్లు, కవర్ల కోసం షాపుకెళ్తారు.

లక్షణం: మోకాళ్ళ ముందు చోటుంది, అయినా గంటలోపే నడుం, తొడలు లాగేస్తున్నాయి

అందరూ తప్పుదారి పట్టేది ఇక్కడే. సీటు గట్టిగా ఉందనో, ఫోమ్ బాగోలేదనో అనుకుంటారు. నిజానికి సీటులో లోపం ఉండదు, బండి లోపల పాదాలు పెట్టే నేల ఎత్తుగా ఉంటుంది. మూడో వరుస వెనక ఇరుసు దగ్గర పడుతుంది. ఛాసిస్ (కింద ఉండే ఇనుప ఫ్రేమ్) మీద కట్టిన బండ్లలో నేల ఆ ఫ్రేమ్ పైనుంచి పోవాలి, గతుకుల్లో ఇరుసు పైకి లేవడానికి చోటు కూడా వదలాలి. పైకప్పు ఎత్తు పెంచలేరు కాబట్టి సీటును కిందికి దించుతారు. నేలకూ సీటుకూ మధ్య దూరం తగ్గిపోయి, మనిషి గొంతుక్కూర్చున్నట్టు అవుతాడు. తొడలు గాలిలో ఉంటాయి, బరువంతా పిరుదుల మీద, నడుం కింది భాగం మీద పడుతుంది.

కంపెనీ కొలతల పట్టికలో ఇది కనపడదు. ఇన్నోవా క్రిస్టా, ఎక్స్‌యూవీ700, స్కార్పియో-ఎన్ మూడింటికీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2750 మి.మీ.యే. క్రిస్టా ఎస్‌యూవీ కాదు, ఎక్కువ మంది కూర్చునేలా చేసిన ఎమ్‌పీవీ అయినా మన ఇళ్ళల్లో పోలిక దానితోనే కాబట్టి చెప్తున్నా: దాని మూడో వరుసలో పెద్దవాళ్ళు కూర్చోగలరు, మిగతా రెండింటిలో ఆ చోటు పిల్లలకే నప్పుతుంది. వీల్‌బేస్ ఒకటే అయినా కూర్చునే తీరు వేరు.

పరీక్ష ఇలా చేయండి. మూడో వరుసలో నడుం వెనక్కి ఆనించి కూర్చుని, పాదాలు నేలకు ఆనించండి. తొడ కిందికి, సీటు ముందు అంచు వైపు నుంచి అరచేయి పోనివ్వండి. చేయి అడ్డం లేకుండా సగం తొడ దాకా వెళ్ళిపోతే లోపం ఇదే. కొలటేపు ఉంటే నేల నుంచి సీటు ముందు అంచు దాకా కొలిచి, రెండో వరుసలో అదే కొలతతో పోల్చండి. తేడా ఎంతుందో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు దొంగ కారణం. పుట్టుకతోనే తక్కువగా ఉన్న ఆ ఎత్తును చాలాసార్లు మనమే ఇంకా తగ్గిస్తాం. బండి కొన్న వారంలోనే 7డీ మ్యాట్ (నేల ఆకారానికి సరిపడా చేసిన, అంచులు పైకి లేచే మందపాటి మ్యాట్), దాని మీద గడ్డి మ్యాట్ వేయిస్తారు. రెండూ కలిస్తే నేల దాదాపు బొటనవేలి మందం పైకి లేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, 7డీ మ్యాట్ అంచు రెండో సీటు కిందికి పైకి మడిచినట్టు ఎక్కి, పాదాలు ముందుకు చాపుకునే సందును మూసేస్తుంది. కాలు ముందుకు పోకపోతే మోకాలు పైకి లేవక తప్పదు. మందపాటి సీటు కవర్ల కింది అంచు, వెనక జేబులు కూడా ఆ సందులోకే వేలాడతాయి. చెప్పులు, గొడుగు, నీళ్ళ సీసాలు అక్కడే తోస్తారు. మ్యాట్ అంచు రెండో సీటు పట్టాల మీదికి ఎక్కితే సీటు చివరి గాడిలో పడదు, ఒక్కోసారి లాక్ పూర్తిగా పట్టదు. అది ప్రమాదం కూడా.

సరిచేసే వరుస ఇది, క్రమం మార్చకండి:

1. మూడో వరుస మ్యాట్లన్నీ తీసేయండి. కింద ఉన్న కార్పెట్ చాలు.
2. రెండో సీటు కింద చేయి పెట్టి, పాదం వేళ్ళు దూరేంత సందు ఉందో లేదో చూడండి. అడ్డమున్నవన్నీ తీయండి, కవరు అంచును పైకి లాగి కట్టండి.
3. రెండో వరుసను, అక్కడి మనిషి మోకాలి ముందు నాలుగు వేళ్ళ చోటు మిగిలేదాకా ముందుకు జరపండి. రెండు మూడు గాళ్ళు జరిగితే మూడో వరుస రూపమే మారిపోతుంది. సఫారీ, అల్కజార్, ఇన్నోవా హైక్రాస్‌లలో సీటు జరుగుతుంది. ఎక్స్‌యూవీ700, స్కార్పియో-ఎన్‌లలో జరగదు. వాటిలో పొట్టివాళ్ళనే వెనక్కి పంపాలి.
4. అప్పటికీ తొడలు గాలిలోనే ఉంటే సీటు ముందు భాగంలో మాత్రమే, వెనక్కి వాలుగా సన్నబడేలా గట్టి ఫోమ్ పెట్టించండి. అంచు దగ్గర 4-5 సెం.మీ. చాలు. సీటు మొత్తం మీద మెత్త పరిస్తే తొడల కింద ఖాళీ అలాగే ఉండి, తల పైకప్పుకు తగులుతుంది. ఫోమ్ పెట్టాక సీటు మడిచి చూడండి, చదునుగా పడకపోతే మందం తగ్గించాలి. జారిపోయే వదులు దిండ్లు వద్దు, సడన్ బ్రేకులో బెల్టు కింది నుంచి మనిషి జారతాడు.

వీల్‌బేస్ 2850 మి.మీ. ఉన్న హైక్రాస్‌లో కూడా మ్యాట్ సందు మూసేస్తే ఇదే గతి.

లక్షణం: మెడ ముందుకు నెట్టినట్టుంది

హెడ్‌రెస్ట్ ఎత్తలేదు. మూడో వరుసలో అది కిందికి దిగి ఉంటే సీటు పై అంచు మీద కూర్చుని వీపుకు గుచ్చుకుంటుంది. క్లిక్ అనేదాకా పైకి లాగండి.

లక్షణం: వెంటిలేటెడ్ సీటు చల్లగా అనిపించట్లేదు

కవరు తీసేయండి, లెదరెట్ కవరు కింద సీటులోని ఫ్యాన్ గాలి బయటికి రాదు. సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు పక్క భాగంలో ఉన్న బండ్లకు, అది చీల్చుకుని రావడానికి వీలైన కుట్టు ఉన్న కవరే వేయించాలి.

లక్షణం: వెనక ఉడికిపోతోంది, ముందు చలేస్తోంది

వెనక బ్లోయర్ విడిగా ఆన్ చేయాలి, చాలా బండ్లలో స్విచ్ వెనకే ఉంటుంది. లోపలి గాలే తిరిగే బటన్ వేయండి. బ్యాగులు వెంట్‌కు అడ్డం పెట్టకండి.

లక్షణం: ఘాట్ రోడ్డులో వెనకవాళ్ళకు వాంతులు

మూడో వరుస ఇరుసు మీదో, దానికి వెనకో పడుతుంది కాబట్టి కుదుపు అక్కడే ఎక్కువ. టైరు గాలి చూడండి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద తక్కువ మందికి, నిండు బండికి వేర్వేరు అంకెలు ఉంటాయి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవండి, బంకులో అలవాటుగా కొట్టే గాలిని నమ్మకండి. పిల్లలకు వాంతులైతే రెండో వరుసకు మార్చండి.

లక్షణం: డ్రైవర్‌కు ఒక పక్కే నడుం నొప్పి

వెనక జేబులో పర్సు.

సీటు ఫ్రేమ్ విరగడం, ఫోమ్ త్వరగా కుంగడం వంటివి అరుదు. వారంటీలో ఉంటే సర్వీసు సెంటర్‌లో చూపించండి. పైన చెప్పిన మ్యాట్లు తీయకుండా మాత్రం అక్కడికి వెళ్ళకండి.