ఆకాశం నుంచి చుట్టం వస్తే దేవుడి సంగతి ఎలా చెప్పాలి

ముందుగా ఒక్క మాట. దేవుడు అన్న మాటతో మొదలుపెట్టకండి. నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఆఖరి పదేళ్లూ తొమ్మిదో తరగతి వాళ్లతో ఒక ఆట ఆడించాను. అందులో "దేవుడంటే..." అని ఎత్తుకున్నవాళ్లు ఎవరూ రెండో వాక్యం దాటలేదు.

ఆ ఆట ఎలా పుట్టిందో చెప్తాను. 1977లో అమెరికా వాళ్లు వాయేజర్ నౌకలు రెండిట్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు పెట్టి పంపించారు. ఎప్పుడో ఎవరికో దొరికితే మన గురించి తెలుస్తుందని అందులో 55 భాషల్లో పలకరింపులు పెట్టారు. తెలుగు కూడా ఉంది. మొదటి మాట "నమస్తే". అది చెప్పగానే వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "టీచర్, నమస్తే అంటే దండం పెట్టడం కదా. ఎవులికి పెడతన్నాం, ఎందుకు పెడతన్నాం అని ఆలడిగితే ఏటి సెప్తాం?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి శనివారం ఆఖరి పీరియడు ఆ ఆటకే ఇచ్చేశాను. ఒకరు చుట్టం. లెక్కలు, ఫిజిక్సు మనకంటే బాగా తెలుసు, మన ఆచారం ఒక్కటీ తెలీదు. వెక్కిరించకూడదు, కానీ "ఎందుకు?", "నీకెలా తెలుసు?" అని ఎన్నిసార్లయినా అడగొచ్చు. మిగతావాళ్లంతా చెప్పాలి. పదేళ్లు ఆ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నవే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

మొదలుపెట్టాల్సింది చేసే పనితో, అందులోనూ చాలా చిన్న పనితో. మాకు బాగా పనికొచ్చింది పుస్తకం. నోటు పుస్తకానికి కాలు తగిలితే మన పిల్లలు ఏం చేస్తారు? వంగి దాన్ని ముట్టుకుని వేళ్లు కళ్లకద్దుకుంటారు. చెప్పి చేయించక్కర్లేదు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. చుట్టం వేషంలో ఉన్న పిల్ల అడిగింది: "కాగితానికి నొప్పి పుడుతుందా?" పుట్టదు. "చూసి ఎవరైనా కొడతారా?" కొట్టరు. "మరి?" అప్పుడొక అమ్మాయి నెమ్మదిగా చెప్పింది, "దీన్లోంచి నాకు సదువొస్తాది. అందుకు." మతం గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి గుమ్మం నాకు దొరకలేదు. కాగితం కాగితమేనని తెలుసు, అయినా అది ఉత్త కాగితం కాదు. ఈ రెండూ ఒకే మనసులో కలహం లేకుండా ఉంటాయని చుట్టానికి ముందు అర్థం కావాలి. అది అర్థమైతే శ్రీకూర్మంలో తాబేలు రూపంలో ఉన్న స్వామిని చూపించినా "వీళ్లు రాయిని చూసి దేవుడనుకుంటున్నారు" అని పొరబడడు. ఆ గుడి ఆవరణలోనే బతికున్న నక్షత్ర తాబేళ్లు తిరుగుతుంటాయి. వాటికి ఆకులు పెడతాం, లోపలి స్వామికి దండం పెడతాం. ఈ తేడా మా ఊరి పసిపిల్లలకీ తెలుసు.

రెండో మెట్టు దగ్గర మన భాషే సాయానికొస్తుంది. నమ్మడం, నమ్ముకోవడం అని మనకి రెండు మాటలున్నాయి. మా వంశధార నదిలో నీళ్లున్నాయని నమ్మడం వేరు, వంశధారని నమ్ముకుని నారు పోయడం వేరు. మొదటిది నిజమో అబద్ధమో వెళ్లి చూసి రావచ్చు. రెండోదానిలో మన గింజలు, మన అప్పు, పిల్లల తిండి అన్నీ ఒడ్డేసి ఉంటాం. కళింగపట్నం వైపు పడవ మనుషుల్ని అడగండి, "గంగమ్మని నమ్ముకుని బతుకుతున్నాం" అంటారు. సముద్రం ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. చుట్టం "దేవుడున్నాడని మీరు నమ్ముతారా?" అని మొదటి మాటనే పట్టుకుని అడుగుతాడు. మీరు ఓపిగ్గా అతన్ని రెండో మాట దగ్గరికి తీసుకురావాలి. దేవుణ్ణి నమ్మినవాళ్లకంటే నమ్ముకున్నవాళ్లే మన దగ్గర ఎక్కువ. నా మటుకు నాకు భక్తి అంటే అదే.

ఇప్పుడు అతన్ని అరసవల్లి తీసుకెళ్లండి. ఇక్కడ తొందరపడొద్దు.

సూర్యనారాయణ స్వామి గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి మూడు రోజుల్లో ఒకసారి, ఉదయపు ఎండ గుమ్మాలన్నీ దాటుకుని లోపల స్వామి పాదాల మీద పడుతుంది. ఏడాదికి రెండుసార్లే ఎందుకని మీరు చెప్పక్కర్లేదు, చుట్టమే చెప్పేస్తాడు. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుని విషువత్తు అంటారు. మార్చి విషువత్తుకి పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకి పది రోజుల తర్వాత సూర్యుడు ఆకాశంలో ఇంచుమించు ఒకే చోట ఉంటాడు, భూమధ్యరేఖకి దక్షిణంగా సుమారు 4 డిగ్రీల దగ్గర. ఆ రెండు వేళల్లోనూ ఉదయించే దిక్కు ఒకటే. మా పిల్లలు గ్లోబూ టార్చిలైటూ పెట్టి దీన్ని రుజువు చేశారు. చుట్టానికి ఆ లెక్క పూర్తిగా అప్పజెప్పండి. మహిమ అని ఏదీ దాచొద్దు. లెక్క తెలిసినంత మాత్రాన ఆ గుడిలో ఏదీ తరిగిపోదు.

లెక్కయ్యాక మనుషుల్ని చూపించండి. ఒక అక్టోబరు ఉదయం నేను వరసలో ఉన్నాను. ఇంకా చీకటి విడలేదు. ఎవరి చేతిలోనో కర్పూరం వాసన, ముందు గుండు చేయించుకున్న పసివాడు తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు. తెల్లారింది గానీ తూర్పున మబ్బు. కిరణం రాలేదు. వరస కదలలేదు. నా పక్కనున్న ముసలామె రెండు చేతులూ జోడించి అలాగే నిలబడింది. "రాలేదు కదమ్మా" అన్నాను. ఆవిడ నా వంక చూడనైనా చూడలేదు. "మబ్బెనకాల ఉన్నాడు తల్లీ, ఎక్కడికెలిపోతాడు" అంది. సూర్యుడి నుంచి వెలుగు బయల్దేరి మన దగ్గరికి రావడానికి 8 నిమిషాల పైచిలుకు పడుతుందని నేను ఏడాదికోసారి బోర్డు మీద రాసేదాన్ని. ఆవిడకి ఆ లెక్క తెలీదు. ఆవిడ చెప్పిందీ తప్పు కాదు. చుట్టం చూడాల్సింది ఆ నిలబడడాన్ని.

అక్కడే మన "ట" కూడా నేర్పించండి. ఆ గుడిని గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చరిత్ర చెప్పేవాళ్లు అంటారు. కథ వేరు: ఇంద్రుడు కోటేశ్వరుడి, అంటే శివుడి దర్శనానికి వేళ కాని వేళ వెళ్తే నంది తన్నిందట, ఆ దెబ్బ మానడానికి సూర్యుణ్ణి ఇక్కడ ప్రతిష్ఠించాడట. చూసింది ఒక తీరుగా, ఒకరు చెప్పింది ఇంకో తీరుగా, తరతరాలుగా వింటున్నది "ట" చేర్చి చెప్పడం మనకి పుట్టుకతో వచ్చిన పద్ధతి. దాన్ని గట్టిగా పట్టుకోండి. విన్నదాన్ని చూసినట్టు చెప్తే చుట్టం ఒక్కసారే నమ్ముతాడు. తేడా బయటపడ్డాక మీరు నిజంగా చూసింది చెప్పినా వినడు.

ఇక కష్టమైన చోటికి వద్దాం. అమ్మోరు.

నాకు ఏడేళ్లప్పుడు ఒళ్లంతా పొక్కులొచ్చాయి. ఆటలమ్మ. ఇంట్లో జబ్బు అన్న మాటే వినబడలేదు, "అమ్మోరొచ్చింది" అన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. వంటింట్లో తాలింపు చప్పుడు ఆగిపోయింది. నాన్న కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. అమ్మ నా పక్కనే పడుకుని దురద పెట్టినచోట వేపరెమ్మతో మెల్లగా రాసేది. రాస్తూ, "సల్లగా వచ్చినావు, సల్లగా ఎల్లిరా తల్లీ" అనేది. ఆ మాట నాతో కాదు, నా ఒంటి మీదకి వచ్చిన ఆవిడతో. తొమ్మిదో రోజు పసుపూ వేపాకూ వేసి కాచిన నీళ్లు పోసి, పెరుగన్నం నైవేద్యం పెట్టి సాగనంపారు.

అది వైరస్ అని చుట్టానికి తెలుసు. నాకూ తెలుసు, నేనే పాఠం చెప్పాను. మీరు చెప్పాల్సిన సంగతి వేరే ఉంది. ఆ తొమ్మిది రోజులూ నేను ఆ ఇంట్లో అంటరాని రోగిని కాదు, ఒక గొప్ప చుట్టం దిగిన ఇంటిని. నన్ను చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు. అమ్మకి భయం లేదని కాదు. ఆ భయంతో మాట్లాడడానికి ఆవిడకి ఒక తోవ ఉంది.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే మోసం చేసినట్టే. మా మేనమామ కూతురికి తట్టు పోసినప్పుడు అమ్మోరే చూసుకుంటుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేశారు. ఆ పిల్లకి ఒక కంటి చూపు పోయింది. ఇది కూడా అదే గొంతుతో, అదే పూట చెప్పాలి. నమ్మకంలోని మంచి ఒక రోజు, చెడు ఇంకో రోజు చెప్తే చుట్టానికి రెండు వేర్వేరు జనాల గురించి విన్నట్టుంటుంది. ఆ ఇద్దరు తల్లులూ ఒక్క ఊరివాళ్లే, ఒక్క అమ్మోరికే మొక్కారు.

ఒకసారి చుట్టంగా కూర్చున్న కుర్రాడు పుస్తకం తిరగేసి వచ్చి అడిగాడు: "మన దేశంలో 1975 తర్వాత మశూచి లేదు. 1980లో ప్రపంచంలోనే లేదన్నారు. మరి అమ్మోరి గుడికి మళ్లీ సున్నం ఎందుకేస్తన్నారు?" క్లాసంతా నా వంక చూసింది. నేను నోరు మెదపలేదు, ఆట నియమం అదే. చివరికి ఒక పిల్ల లేచి, వాళ్ల నాయనమ్మ ఏటా ఘటం ఎత్తుకునేది జబ్బు కోసం కాదనీ, పొలిమేరలో ఉన్న అమ్మకి ఏడాదికోసారి కడుపునిండా పెట్టకపోతే ఆవిడకి అన్నం సయించదనీ చెప్పింది. మంచి జవాబు. భయంతో మొదలైన బంధం భయం పోయాక కూడా నిలబడొచ్చని అంతకుముందు నాకూ తోచలేదు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న చుట్టం ఎలాగూ అడుగుతాడు. దానికి ఇప్పుడే సిద్ధపడండి. 2018లో నేను మా జిల్లాలోనే ఉద్దానం ప్రాంతంలో పనిచేస్తున్నాను. నవరాత్రులు మొదలైన మర్నాడు, అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్న బయటికొచ్చి చూస్తే కొబ్బరితోటల్లో నిలబడ్డ చెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. జీడిచెట్లు వేళ్లతో సహా పైకి లేచిపోయాయి. బడి తెరిచాక మొదటి శనివారం ఆట వద్దనుకున్నాను. పిల్లలే కావాలన్నారు. చుట్టంగా కూర్చున్నది తోట మొత్తం పోయిన ఇంటి పిల్ల. "అమ్మోరుంటే సెట్లెందుకు పడిపోనాయి?" అని అడిగింది. అది వేషంలో అడిగిన ప్రశ్న కాదు.

ఒకరు కర్మ అన్నారు, ఒకరు అమ్మోరికి కోపమొచ్చిందన్నారు. ఆ పిల్ల మొహం చూశాక నియమం తప్పి, ఆపమన్నాను. నేను మీకు ఖాయంగా చెప్పగలిగింది ఇదొక్కటే: ఈ ప్రశ్నకి జవాబు కల్పించకండి. బాధలో ఉన్నవాళ్ల ముందు దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకోకండి. చుట్టం అడిగినా, సొంత పిల్లలడిగినా, మనుషులు ఆ తర్వాత ఏం చేశారో అది చూపించండి. ఆ పిల్ల తండ్రి కార్తీకంలో కొత్త మొక్కలు తెచ్చాడు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. మొదటి గోతిలో పసుపు, కుంకుమ వేసి, మొక్కని నిలబెట్టి, మట్టి కప్పి, పిల్ల చేత నీళ్లు పోయించాడు. నేను ఆ గట్టు మీదే ఉన్నాను. ఆయన దండం పెట్టలేదు, ఏమీ అనలేదు. రెండో గొయ్యి తవ్వడానికి వెళ్లిపోయాడు. చుట్టం ఆ గట్టు మీద నా పక్కన కూర్చుని ఉంటే, నేను కూడా ఏమీ అనకుండా ఉందును.

మిగతావి త్వరగా చెప్తాను. మీ ఒక్క నమ్మకాన్నే చూపించి భూమి అంతా ఇదే అనకండి. సాలిహుండం కొండ ఎక్కించండి, అక్కడ ఇటుకల స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార కనబడుతుంది. ఆ నది ఒడ్డునే ఒకప్పుడు బౌద్ధులు బుద్ధుణ్ణి నమ్ముకుని బతికారు. ఊళ్లోని చర్చికీ, మసీదుకీ వాళ్ల మనుషులతోనే తీసుకెళ్లించండి, వాళ్ల సంగతి వాళ్ల నోటే విననివ్వండి. ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లని కూడా కలపండి. మా స్టాఫు రూములో లెక్కల మాస్టారు గుడి మెట్లెక్కరు, కానీ పుస్తకానికి కాలు తగిలితే ఆయన చెయ్యీ కళ్ల దాకా వెళ్తుంది. అది ఎందుకో ఆయన్నే అడగమనండి.

మాటలన్నీ అయ్యాక చుట్టాన్ని కూడా అడగండి. వాళ్ల లోకంలో చేతికందని దేన్ని నమ్ముకుని బతుకుతారు? పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా ఏం చేస్తారు? చచ్చిపోయినవాళ్ల వస్తువులు ఏం చేస్తారు? అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగాలి. మా పిల్లలకి ఈ ఆగడం నేర్పడానికే నాకు ఎక్కువ ఏళ్లు పట్టింది.

నా ఆఖరి శనివారం వీడ్కోలు ఎలా చెప్పాలన్న దగ్గర వాదన వచ్చింది. చుట్టం వెళ్లిపోతున్నాడు, గుమ్మం దాకా వచ్చాం, చేతిలో అరసవల్లి ప్రసాదం ఉంది. పెట్టాలా వద్దా? పెట్టకపోతే ఎలా అని సగం మంది. మన బెల్లం, నెయ్యి ఆ ఒంటికి పడకపోతేనో అని మిగతా సగం. చాలాసేపు గోల చేశారు. కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్ల, ఏడాదంతా నోరెత్తనిది, చెయ్యెత్తింది.

"ముందు అడగాల టీచర్, ఏటి తింతారో."